పెళ్ళినాటి జాకెట్టు చెప్పిన సాక్ష్యం

చెంచయ్యగారిని ఏది అడిగినా ముందు మన అరచేతిలో ఏదో ఒకటి పెట్టేవారు. వేరు ముక్కో, గింజో, బెరడు పెచ్చో. "తినకు. ముందు వాసన చూడు. తర్వాత అడుగు" అనేవారు. వాసన చూసేసరికి చాలాసార్లు అడగవలసింది మారిపోయేది. నేను ఆయన దగ్గరకు పిడికిళ్ళు బిగించుకుని వెళ్ళిన రోజులే ఎక్కువ. పిడికిలి విప్పితే తప్ప ఆయన ఇచ్చేది అందుకోవడానికి వీల్లేదు.

చీరాలలో గుడ్డల దుకాణాల వెనక సందులో ఉండేది ఆయన మూలికల కొట్టు. గోడ పొడవునా చెక్క సొరుగులు. వాటి మీద వాళ్ళ నాన్న సుద్దతో రాసిన పేర్లను ఆయన నూనె రంగుతో దిద్దారు. తాతల నాటి నుంచి ఒక చేత్తో మంగలికత్తి, ఒక చేత్తో కల్వం పట్టిన ఇల్లు వాళ్ళది. ఆయన హయాంలో కత్తి గోడకెక్కింది, కల్వం మాత్రం అరుగు మీదే ఉండిపోయింది. నేను ఫార్మసీ కాలేజీలో రెండో ఏడు చదువుతూ, సాయంత్రం నాలుగింటికి ఆ అరుగెక్కేవాణ్ణి. ఎదురింటి గోడ నీడ కల్వాన్ని తాకితే పాఠం మొదలు. అది మమ్మల్ని దాటి గుమ్మం ఎక్కితే ఆ పూటకు సరి. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్ల తొడుగులు అమ్ముతున్నారు. ఆ ప్లాస్టిక్ వాసన మధ్య నిలబడితే, అడుగున ఎక్కడో తుంగముస్తెల వాసన ఇంకా తగులుతుంది. తగులుతుందనే అనుకుంటాను.

నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. "ఆరోగ్యం హక్కు, సరుకు కాదు" అని మా కాలేజీ గోడ మీద బొగ్గుతో రాసింది నేనే. ఇవాళ్టికీ అందులో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. ఆ మాటే ఒకసారి ఆయన ముందు గట్టిగా అంటే, శొంఠి దంచుతూ తల ఎత్తకుండానే, "బాగుంది నాయనా. రోజుకి ఎన్నిసార్లు? భోజనానికి ముందా, తర్వాతా?" అన్నారు. పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట కూడా ఇప్పుడు తలుచుకుంటే తియ్యగానే ఉంది.

ఆ ఏడు మా ఊరిని సన్నజాజి చూర్ణం పట్టుకుంది. నారింజ రంగు డబ్బా. మూత మీద, ఒకే చీర కట్టుకున్న ఒకే ఆడమనిషివి రెండు బొమ్మలు, ఒకటి లావుగా, ఒకటి సన్నగా. కనకవల్లిగారని ఒకావిడ మధ్యాహ్నం వేళల్లో ఇంటింటికీ తిరిగి, పదిమంది ఆడవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి అమ్మేది. "అన్నీ మన అడవుల్లో వేళ్ళే అమ్మా, పాపపు సరుకు చిటికెడు లేదు" అనేది. తమ ఒంటిని చూసి ఆడవాళ్ళే సిగ్గుపడేలా చేసి, ఆ సిగ్గుకు మందు అమ్మడం కన్నా నీచమైన వ్యాపారం లేదని నేను ఒక కరపత్రం రాశాను. అచ్చుకు ఇచ్చే ముందు, రుజువు కోసం ఒక డబ్బా కొనుక్కొచ్చి చెంచయ్యగారి అరుగు మీద పెట్టాను.

ఆయన ముట్టుకోలేదు. "నేర్చుకున్నావుగా, చూడు" అన్నారు. మూడు సాయంత్రాలు చూశాను. తెల్లకాగితం మీద పొడి పలచగా పరిచి భూతద్దంతో వెతికాను. రంపపు పొట్టు లేదు, సున్నపు పిండి లేదు. నాలుక మీద వేసుకుంటే కరక్కాయ వగరు పట్టింది. మంచినీళ్ళు తాగితే ఉసిరిక తీపి పైకి తేలింది. శొంఠి గొంతులో ఎక్కడ మండాలో అక్కడే మండింది. వేడినీళ్ళలో వేస్తే గుగ్గులు పాలలా విరిగి, దేవుడి గదిలో వచ్చే వాసన వేసింది. ఏవైనా ఇంగ్లీషు మందులు దాచి కలిపారేమోనని మా కాలేజీ ల్యాబులో తెలిసిన లెక్చరర్ చేత కూడా పరీక్ష చేయించాను. అవీ లేవు. దొంగను పట్టుకుందామని తలుపు వెనక మూడు రోజులు కాపు కాస్తే, వచ్చినవాడు తాళం చెవి పెట్టి తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాడు. అలా ఉంది నా పరిస్థితి.

మా నాంచారక్కను అదే ఊళ్ళో ఇచ్చారు. మూడో సాయంత్రం దారిలో వాళ్ళింటికి వెళ్తే, నారింజ డబ్బా వాళ్ళ వంటింటి గూట్లోనూ కనబడింది. ఉగాది వెళ్ళాక అక్క ఆడపడుచు పెళ్ళి. "మా వదిన పక్కన నిలబడితే ఫోటోలో ఇంకెవరూ పట్టరు" అని ఆ పిల్ల నలుగురిలో నవ్వుతూ అన్న మాట అక్కకు గుచ్చుకుంది. నన్ను చూడగానే, "ఒరే కిరీటీ, నువ్వు దీన్ని పరీక్షలు చేస్తున్నావటగా. దొంగదా, మంచిదా?" అని అడిగింది.

ఓడిపోయినవాడిలా, "సరుకు అసలైనదే అక్కా" అన్నాను.

తర్వాత పరీక్షల్లో పడి నెలా పదిరోజులు అటు వెళ్ళలేదు. వెళ్ళేసరికి అక్క నన్ను గదిలోకి లాక్కెళ్ళి, పైట పక్కకు జరిపి తన పెళ్ళినాటి జాకెట్టు చూపించింది. ఆకుపచ్చ పట్టుది, జరీ అంచు. పదకొండేళ్ళ కిందటిది, కొన్నాళ్ళు వాడాక పెట్టెలోనే ఉండిపోయింది. పెద్దవాడు పుట్టాక ఒకసారి ప్రయత్నిస్తే హుక్కులు అందలేదని నాకు తెలుసు. ఇప్పుడు హుక్కులన్నీ పట్టి, ఒంటికి అతికినట్టు ఉంది.

"కాటా ఎక్కావా?" అన్నాను.

"కాటా ఎందుకురా! ఇది అబద్ధం చెబుతుందా?" అని జాకెట్టు మీద తట్టుకుంది. గొంతు కాస్త బొంగురుగా ఉంది. మొహం నిండుగా, ఉబ్బినట్టుగా ఉంది. పెళ్ళి పనుల అలసట అనుకున్నాను. పట్టపగలు పదకొండింటికి రెండుసార్లు ఆవలించి, "థైరాయిడ్ మాత్రలు కూడా మానేశానురా. రెండు రకాల మందులు ఒక కడుపులో పోట్లాడుకుంటాయని కనకవల్లిగారు చెప్పింది. నువ్వు కూడా మంచిదేనన్నావుగా, ఇంకెందుకని మానేశా" అంది. ఆ మాట నేను విన్నాను. విని ఊరుకున్నాను. నా కళ్ళముందు ఆ జాకెట్టు ఉంది మరి.

ఆ సాయంత్రం అరుగు ఎక్కి చెంచయ్యగారిని అడిగాను. "మాస్టారూ, మందు అసలైనదని మూడు రోజులు చూసి తేల్చాను. పనిచేసిందని ఇవాళ కళ్ళారా చూశాను. నా కరపత్రం చించేశాను. కానీ మనసు ఒప్పుకోవడం లేదు. ఒక మందును నమ్మాలో వద్దో దేన్ని బట్టి తేల్చాలి?"

ఆయన ఏదో అందిస్తారని చెయ్యి చాపాను. ఆయన ఏమీ పెట్టలేదు. "పనిచేసిందని ఎవరు చెప్పారు?" అన్నారు.

"జాకెట్టు."

"అయితే సాక్షిని పట్టుకురా."

అక్క దగ్గరకు పరిగెత్తాను. మాస్టారు చూస్తానన్నారంటే మురిసిపోయి, పాత పంచె ముక్కలో చుట్టి ఇచ్చింది. "చూడమను. ఆయన సొరుగుల్లో ఇలాంటి మందు ఉందేమో అడుగు" అంది. తెచ్చి ఇస్తే ఆయన కల్వం పక్కకు జరిపి, నేను పొడి పరిచిన తెల్లకాగితం లాంటిదే ఒకటి పరిచారు. జాకెట్టును దాని మీద పెట్టి తిరగేశారు. భూతద్దం నా వైపు తోసి, మళ్ళీ శొంఠి దంచుకోవడంలో పడ్డారు.

మొదట నాకేమీ కనబడలేదు. జాకెట్టు లోపల చూడడమేమిటని చిరాకు కూడా వేసింది. తర్వాత చంకల కింద, రెండు పక్కల కుట్టు దగ్గర, గుడ్డ సన్నగా ఒక చార మేర ముదురు ఆకుపచ్చగా మెరుస్తోంది. మిగతా జాకెట్టంతా వెలిసింది, ఆ చార మాత్రం పదకొండేళ్ళ కింద కొన్నట్టే ఉంది. ఆ చారకు లోపలి అంచున వరసగా సూది రంధ్రాలు. రంధ్రాల్లో దారం లేదు. దానికి అరంగుళం అవతల కొత్త కుట్టు, కొత్త దారం. అవతలి పక్కా అంతే. నేను ఆ రంధ్రాలను వేలితో తడుముతూ ఉండిపోయాను. రోకలి చప్పుడు ఆగలేదు.

సందుకు అవతలి పంచలో మస్తాన్‌బీ కుట్టుమిషను. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆవిడ చేతి కుట్టే. కొలతలు తీసుకోవడం ఆవిడకు అలవాటు లేదు. పాత జాకెట్టు ఒకటి కొలతకు ఆదిగా ఇస్తే, దాన్ని బట్టి కొత్తది కుట్టేస్తుంది. చెంచయ్యగారు ఇక్కడి నుంచే పిలిచారు. "మస్తాన్‌బీ, ఒకసారి ఇటు రామ్మా. ఇది నీ చేతిదేనా?"

ఆవిడ మెడలో పేరుకు వేసుకున్న కొలతల టేపుతో వచ్చి, జాకెట్టు చూసి నవ్వింది. "నాదే చెంచయ్యన్నా. నాంచారమ్మ పెళ్ళికి నేను కుట్టిందే. మొన్న నెలలో హుక్కులు తుప్పుపట్టాయని తెచ్చింది. హుక్కులు వేశా."

"హుక్కులేనా?"

ఆవిడ నా వైపు చూసి, గొంతు తగ్గించింది. "ఆ పిల్ల దీన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డ తీరు చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. లోపల నేను వదిలిన గుడ్డ ఉందిగా. రెండు పక్కలా అరంగుళం లూజు చేశా. చెప్పలేదు."

"ఇది మోసం కాదా?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"మోసమా? కుట్టుకూలి కూడా తీసుకోలా బాబూ!" అంది మస్తాన్‌బీ. "పండక్కో పెళ్ళికో జాకెట్టు పట్టలేదని ఒక ఆడది అద్దం ముందు ఏడిస్తే నాకేం వస్తది? అందుకే కుట్టేటప్పుడే లోపల గుడ్డ ఎక్కువ వదులుతా. హుక్కుకి వచ్చినా, చేతి అంచు పట్టీకి వచ్చినా ఓ కుట్టు విప్పి పంపుతా. ముప్పై ఏళ్ళ నుంచి అంతే. నా కుట్టు వేసుకున్నోళ్ళు ఈ వీధిలో ఎవరూ లావెక్కలా, కావాలంటే అడుగు."

"పొడి తిన్నవాళ్ళకి కూడానా?"

"ఏ పొడి? ఆ నారింజ డబ్బాలదా? తిన్నోళ్ళకీ తిననోళ్ళకీ ఒకటే కుట్టు. ఆ అమ్మే కనకవల్లమ్మ జాకెట్లు కూడా నా దగ్గరే. ఆవిడవి రెండుసార్లు విప్పా. ఇంక లోపల గుడ్డ లేదు. మళ్ళీ వస్తే ఏం చెప్పాలో తెలీటం లా."

చెంచయ్యగారు నవ్వలేదు. నేను కూడా నవ్వలేకపోయాను. కనకవల్లిగారు ముందు తన జాకెట్టును నమ్మింది, తర్వాత ఊరిని నమ్మించింది. నా కోపానికి ఒక మొహం కావాలి. ఆ మొహం కోసం వెతుకుతుంటే, పొడి చేసినవాడు పొడిలో దొంగతనం చేయలేదు, కుట్టినావిడ జాలితో కుట్టింది, అమ్మినావిడ తన అద్దాన్ని నమ్మి అమ్మింది. "అసలైనదే" అన్నవాడు ఒకడు మిగిలాడు.

"మీ అక్క ఇంకేమైనా మందులు వాడుతుందా?" అని చెంచయ్యగారు మామూలుగా అడిగారు.

"థైరాయిడ్ మాత్రలు. మానేసింది."

రోకలి ఆగింది. ఆయన దగ్గర పాఠం వింటున్నంత కాలంలో పని మధ్యలో రోకలి ఆగడం అదొక్కసారే చూశాను. "ఎన్నాళ్ళయింది?"

"నెల పైన."

"గొంతు?"

"బొంగురుపోయింది. మొహం ఉబ్బింది. పగలే నిద్రపోతోంది." చెబుతూ ఉంటే, ఒక్కొక్కటీ నాకు అప్పుడే కనబడినట్టు అనిపించింది. పుస్తకంలో ఆ పేజీ ఎక్కడుందో కూడా తెలిసినవాణ్ణి.

ఆయన చేతులు తుడుచుకుంటూ, "పొడిని మూడు సాయంత్రాలు చూశావు నాయనా" అన్నారు. ఆ వాక్యం అక్కడే వదిలేసి, జాకెట్టును తిరిగి పంచె ముక్కలో చుట్టి నా చేతిలో పెట్టారు. ఆవేళ నా అరచేతిలోకి వచ్చింది అది.

వెళ్ళేసరికి అక్క వెనక వసారాలో బీరకాయలు ముందేసుకుని, కత్తిపీట మీద చెయ్యి అలాగే ఉంచి తూగుతోంది. తట్టి లేపాను. "అక్కా, మాత్రలు ఎక్కడున్నాయి?"

"మానేశానని చెప్పాగా. నువ్వేగా అసలైనదన్నావు."

"నేనన్నది పొడిని, అక్కా."

"నేనూ పొడినే అనుకున్నా. మరి ఇంకేమిటి?" అంది. మూట విప్పి, జాకెట్టు తిరగేసి ఆమె ఒళ్ళో పెట్టాను. మస్తాన్‌బీ పేరు ఎలా ఎత్తాలో తెలియక నిలబడ్డాను.

అక్క ముదురు చారను బొటనవేలితో అటూ ఇటూ రాసింది. "మస్తాన్‌బీ మంచిదిరా" అంది. తర్వాత, నా వైపు చూడకుండా, "వేసుకున్న రోజే కనబడింది. చంకల కింద కొత్త రంగు. వెలుతురు అనుకున్నా. అనుకోవాలనిపించింది" అంది. జాకెట్టు మడిచి, "మీ బావకి చెప్పకు. మాత్రలు బియ్యం డబ్బా వెనక ఉన్నాయి, తే" అంది.

మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, "ఇంకో నెల ఆగి వస్తే నేను ఇలా కూర్చోబెట్టి మాట్లాడేదాన్ని కాదు" అంది. ఎవరు మానమన్నారని అడిగింది. కనకవల్లిగారి పేరు అక్క చెప్పలేదు, నా పేరూ చెప్పలేదు. "నేనే మానేశానండీ" అంది. మందుల వ్యాపారం మీద, అందాల సంత మీద, మనిషి నడుముకు ధర కట్టే ఈ లోకం మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. అది తగ్గకూడదనే నా కోరిక. కానీ ఆరోజు ఆ కుర్చీలో కూర్చుని అక్క చెప్పిన ఆ ఒక్క మాట ముందు నా కోపం చాలా చిన్న చొక్కా తొడుక్కున్నట్టు అనిపించింది.

అక్కకు గొంతు తిరిగి రావడానికి నెలన్నర పట్టింది. ఆడపడుచు పెళ్ళికి అదే ఆకుపచ్చ జాకెట్టు వేసుకుంది. చంకల కింద ముదురు చార అలాగే ఉంది. పైట సర్దుకుని దాన్ని దాచుకోలేదు. ఫోటో తీసేటప్పుడు ఆడపడుచు ఏదో అనబోతే, "నువ్వే కాస్త పక్కకు జరుగమ్మా, నేను పట్టాలిగా" అంది. పందిట్లో నవ్వులే నవ్వులు. మస్తాన్‌బీ రెండో వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా నవ్వింది.

పెళ్ళి అయిన వారానికి మళ్ళీ కాగితం, కలం పట్టుకుని చెంచయ్యగారి అరుగెక్కాను. చించేసిన కరపత్రాన్ని తిరిగి రాయాలి. ఊళ్ళో ఇంకా ఎన్ని వంటింటి గూళ్ళలో ఆ నారింజ డబ్బా ఉందో, దాని వెనక ఎవరి మాత్రలు దాగున్నాయో తెలియదు. నీడ అప్పుడే కల్వాన్ని తాకుతోంది. పైన ఏం పెట్టాలో తేలక, "మాస్టారూ, 'సన్నజాజి నకిలీ మందు' అని పెట్టనా?" అన్నాను.

"నకిలీ కాదుగా. నువ్వే తేల్చావు."

"పోనీ, 'సన్నజాజి అసలైనదే, కానీ' అని మొదలుపెట్టనా?"

ఆయన సొరుగు లాగి, ఎండు ఉసిరిక ముక్క ఒకటి తీసి నా అరచేతిలో పెట్టారు.

"'కానీ' దాకా మీ అక్క చదవదు నాయనా" అన్నారు.